ముప్పావు తులం లైను

పోయినవి ముందు చెప్పేస్తాను. తొంభై అడుగుల ఫ్లై లైనులో ముప్పై రెండు అడుగులు: ముప్పై పాడైనవి, రెండు సాక్ష్యానికి ఖర్చయినవి. జూన్‌లో రెండు ఆదివారాలు. గట్టు దాకా వచ్చి తెంపుకుపోయిన ట్రౌట్ చేప ఒకటి. వీటికి తోడు, గాలం సామాన్ల విషయంలో ఇక్కడ కెనడాలోని కేంబ్రిడ్జ్ తెలుగువాళ్లలో నా మాటకున్న విలువ.

ఈ చేపల వేట తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క. ఈకలతో ఈగలా కట్టిన గాలానికి బరువుండదు. మనం విసిరేది లైనుని, అంటే పూత పూసిన దారాన్ని; గాలం దాని వెంట పోతుంది. అందుకే లైనుకి ఒక నంబరుంటుంది, అది రాడ్డు, అంటే గాలపు కర్ర, మీద నంబరుతో కలవాలి. నాది ఐదు. ఐదో నంబరంటే మొదటి ముప్పై అడుగులు నూట నలభై గ్రెయిన్లు తూగాలి. తులానికి నూట ఎనభై గ్రెయిన్లు కాబట్టి ముప్పావు తులం, పైన ఐదు గ్రెయిన్లు. ఈ లెక్క నాకెవరూ నేర్పలేదు. నేను కాలేజీకి వెళ్లలేదు. ఫ్యాక్టరీలో విడిభాగాలు కొలుస్తూ నేర్చుకున్న లెక్కలే నావి.

రెండు కొసలూ ఒకేలా సన్నబడే రకం కొన్నాను. ఒక కొస అరిగితే తిప్పి చుట్టుకోవచ్చు, రెండోది కొత్తగా ఉంటుంది. డాక్టరు గారు దాన్ని ముసలాళ్ల లైను అనేవారు. ఆయన రిటైరై ఆరేళ్లు. మావాళ్లలో ఎవరింట్లో భోజనాలైనా మొదటి కుర్చీ ఆయనదే. ఆయనకి నాలుగు రాడ్లున్నాయి, ఒక్కదాని నంబరూ చదివినట్టు లేదు. ఆరో నంబరు రాడ్డుకి ఎనిమిదో నంబరు లైను ఎక్కించి, బరువుంటే దూరం పోతుంది కదయ్యా అనేవారు. దూరం పోయినవి చేపలే.

నేను ఇంటికి రాగానే గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కలు గిన్నెల సబ్బు కలిపి, పాత పంచె ముక్కతో లైనంతా తుడిచేవాణ్ణి. చలికాలం రీలు నుంచి తీసి, వదులుగా పెద్ద చుట్ట చుట్టి మేకుకి తగిలించేవాణ్ణి. ఆయన లైను ఏడాది పొడుగునా కారు డిక్కీలోనే ఉండేది, ఎండకీ అక్కడే, మైనస్ ఇరవైకీ అక్కడే. అది పెళుసెక్కి తెగిపోతే, జూన్‌లో ఒక ఆదివారం గ్రాండ్ నది ఒడ్డున నా రాడ్డు గంటసేపు అడిగారు. ఇచ్చాను.

దోమలు ముసురుకున్నాయి. ఆయన స్ప్రే డబ్బా తీసి మెడకీ మోచేతులకీ అరచేతులకీ ధారాళంగా కొట్టుకుని, అవే చేతులతో నా లైను పట్టుకున్నారు. ఆ మందు లైను పైపూతని కరిగిస్తుంది, చేతులు కడుక్కోండని చెప్పాను.

"నలభై ఏళ్లు మందులు రాసిన చెయ్యయ్యా ఇది. దోమల మందు దారాన్ని తింటుందా?"

ఆ సాయంత్రం తుడిస్తే పంచె ముక్కకి లైను రంగంటింది. తరవాతి ఆదివారం లైను జిగురు జిగురుగా రాడ్డు రింగుల్లో అతుక్కుంటే, పడిన చేప కాస్తా తెంపుకుపోయింది. ఆపై వారానికి పూత పగుళ్లిచ్చి, తేలాల్సిన లైను మునిగింది.

ఆ వారంలోనే ఒకరింట్లో భోజనాలు. కొత్తగా గాలం మొదలుపెడదామనుకునే వాళ్లు ముందే నన్ను సలహా అడిగారు. ఏ రాడ్డుకి ఏ లైనో కాగితాల మీద రాసి తీసుకెళ్లాను. నేను పంచేలోపే డాక్టరు గారు అందుకున్నారు: ఈయన చెప్పిన లైను కొనకండి, చవక సరుకు, అప్పుడే పగిలింది. నేను స్ప్రే సంగతి చెప్పాను.

"చూశారా, ఇప్పుడు పాపం దోమల మీదికి నెడుతున్నాడు."

అందరూ నవ్వారు. మా ఇద్దరినీ మినహాయిస్తే పదకొండు మంది. నా కాగితాలు ఎంగిలి పేపర్ ప్లేట్ల కింద ఉండిపోయాయి.

మర్నాడు పాడైన ముప్పై అడుగులూ కోసేశాను. బాగున్న లైనులోంచి అడుగేసి ముక్కలు రెండు కత్తిరించి, రెండు స్టీలు గిన్నెలు పట్టుకుని ఆయనింటికి వెళ్లాను. ఒక గిన్నెలో మంచినీళ్లు పోశాను, రెండోదాంట్లో ఆయన డబ్బాతోనే, ఆయన చేతే స్ప్రే కొట్టించాను. ఒక్కోదాంట్లో ఒక్కో ముక్క వేసి వచ్చేశాను. మూడో రోజు ఫోను.

"నీదే రైటయ్యా. జిగురైపోయింది. కొత్త లైను కొనిపెడతాలే."

"లైను వద్దండీ, రెండో కొస ఉంది. అయినా నాకు చెప్పి ఏం లాభం? నాకు ముందే తెలుసు. ఆ పదకొండు మందికీ చెప్పండి."

సరే అన్నారు. నలభై ఏళ్లలో ఎన్ని వేల మందికి రోగం పేరు మొహం మీదే చెప్పారో గానీ, తన పొరపాటు పేరు చెప్పడానికి నోరు రాలేదు. మొదటి నెలలో ముగ్గురికి చెప్పారు. నేను గుర్తు చేశాక ఇద్దరికి, ఆయన భార్య కోప్పడ్డాక మరో ఇద్దరికి. ఒక్కొక్కరినీ నేనే అడిగి ఖాయం చేసుకున్నాను. ఇప్పుడు కదిపితే అందరికీ చెప్పానయ్యా అంటారు. అందరూ అనేది అంకె కాదు. మిగిలినవాళ్లలో ఒకాయన సార్నియా అనే ఊరికి మారిపోయాడు. అక్కడా నా పేరు చెప్పి చవక సరుకని నవ్విస్తున్నాడట. మొన్న ఆదివారానికి కూడా లెక్క కదల్లేదు. డాక్టరు గారు ఇంకా నలుగురికి చెప్పాలి.