ఒగ్గీ అన్న పాపానికి

కాలు జారితే తీసుకోగలంగాని నోరు జారితే తీసుకోలేమంటారు. ఇరవై ఇద్దరు మగాళ్ళు కాళ్ళు జారి బురదలో పడుతున్న మైదానంలో, నోరు జారి పడినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ జారుడుతో మా బావ ఎనిమిదేళ్ళ పరువు గోల్‌పోస్టులోకి మెల్లగా దొర్లుకుంటూ పోయింది. ఎంత మెల్లగా అంటే, వెనకనుంచి ఒక ముసలమ్మ కర్ర పట్టుకుని నడిచి వెళ్ళినా దాన్ని ఆపగలిగేది. నవ్వకండి. నవ్వాల్సిన చోటు ముందుంది.

కలకత్తాలో ఎర్రజెండా సర్కారు వచ్చి పదేళ్ళు కావస్తున్న రోజులు. ఖిదిర్‌పూర్ ఓడల డాకులో నేను స్టోర్సు గుమాస్తాని. ఇరవై మూడేళ్ళు, పెళ్ళి కాలేదు, తిండి మా అప్ప ఇంట్లో. అప్ప అంటే అక్క, మా శ్రీకాకుళం వాళ్ళం అలాగే అంటాం. అప్ప మొగుడు సింహాచలం బావ డాకులో క్రేను నడిపేవాడు. ఆదివారం వస్తే మా తెలుగు ఫుట్‌బాల్ జట్టుకి గోలీ. రెండు చేతులూ చాపి నిలబడితే గోల్‌పోస్టుకి తలుపు వేసినట్టుండేది.

ఏటా వానాకాలంలో మాకూ లిలువా రైల్వే వర్క్‌షాపు తెలుగు జట్టుకీ ఒక పోటీ జరిగేది. గెలిచినవాళ్ళకి ఒక మేకపోతు. ఎనిమిదేళ్ళుగా లిలువా వాళ్ళు బావని దాటించి ఒక్క గోలూ వెయ్యలేకపోయారు. ఆ ఏడు బావకి నలభై నిండాయి, మోకాళ్ళు మొరాయిస్తున్నాయి. "ఇదే ఆకరాట. లిలువా బంతి నా గూట్లో పడకుండా దిగిపోతే సాలు, ఇంకేటీ అక్కర్నేదు" అని క్వార్టర్లలో ప్రతి గడప దగ్గరా చెప్పాడు. ఆ ఒక్క కోరికనీ నేనెలా తీర్చానో వినండి.

అంతకు ముందే నాకు రెఫరీ పిచ్చి పట్టింది. పేటలో ఘోషాల్‌దా అనే పెద్దాయన ఉండేవారు. పాతికేళ్ళు రెఫరీగా చేసిన మనిషి. సాయంత్రాలు ఆయన అరుగు మీద కూర్చుని రూల్సు పుస్తకం బట్టీ పట్టాను. త్రో చేసిన బంతి ఎవరికీ తగలకుండా గోల్లోకి పోతే ఏం చెయ్యాలి, మైదానంలోకి కుక్క వచ్చి బంతికి అడ్డుపడితే ఏం చెయ్యాలి, అన్నీ నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. ఒక్క మ్యాచి మాత్రం నడపలేదు. ఈత పుస్తకం కంఠతా పట్టి గట్టు మీద కూర్చున్నవాడి పాండిత్యం నాది.

పోటీ నాడు రావలసిన రెఫరీకి కామెర్లని కబురొచ్చింది. ఘోషాల్‌దాకి మోకాలి నొప్పి. "నేను జెండా పట్టుకుని గీత పక్కన నిలబడతాను. ఈల నువ్వు ఊదు" అన్నారు నాతో బెంగాలీలో.

లిలువా కెప్టెన్ ప్రసాదు బెజవాడవైపు మనిషి, మాటా ఆటా రెండూ పదునే. "గోలీగారి బావమరిది రెఫరీ ఏంటండీ? ఇక మేం ఆడేదెందుకు, మేకని మీకే ఇచ్చేసి వెళ్తాం" అన్నాడు.

నాకు పౌరుషం వచ్చింది. మైదానం మధ్యకి వెళ్ళి ఛాతీ మీద చెయ్యి వేసుకుని, "ఈల పట్టుకున్నాక నాకు బావా లేడు, అప్పా లేదు" అని ప్రకటించాను.

"కూడు ఉంటాది గదరా, మజ్జానం మా ఇంటికేగదా రావాల" అన్నాడు బావ గోల్‌పోస్టు దగ్గర్నుంచి. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు, రెఫరీలు నవ్వరని అప్పటికి నా నమ్మకం.

ఒక చిన్న సంగతి చెప్పడం మరిచాను. రెఫరీకి నల్ల నిక్కరు ఉండాలి. నాకు లేదు. బావది అడిగి తొడుక్కున్నాను. బావ నిక్కర్లో నాలాంటివాళ్ళు ఇద్దరు కాపురం ఉండొచ్చు. అప్ప ఇలాస్టిక్‌కి ముడి వేసి, "తుళ్ళకు" అని చెప్పి పంపింది.

మొదటి సగంలో నా నిజాయితీ నిరూపించుకునే అవకాశం వచ్చింది. మావాడొకడు గీత బయటనుంచి విసిరిన బంతి ఎవరికీ తగలకుండా నేరుగా లిలువా గోల్లోకి పోయింది. ఖిదిర్‌పూర్ జనం ఎగిరారు. నేను ఈల ఊది, "గోలు కాదు, గోల్‌కిక్కు" అన్నాను.

"ఏటి కాదు? వల కదిలింది గదా" అని మీదికొచ్చారు మావాళ్ళు.

"త్రో బంతితో నేరుగా గోలు రాదు. పుస్తకంలో ఉంది."

"ఆ పుస్తకాన్ని గంగలో కలిపీ."

ప్రసాదు వచ్చి నా భుజం తట్టాడు. "నేనేదో అనుకున్నానండి, మీరు హరిశ్చంద్రుడు" అన్నాడు. హరిశ్చంద్రుడు చివరికి ఎక్కడ తేలాడో నాకు ఆ క్షణంలో గుర్తు రాలేదు.

రెండో సగంలో వాన దంచింది. నిక్కరు నీళ్ళు పీల్చి బరువెక్కింది. అప్ప వేసిన ముడి జారింది. ఎడమచేత్తో నిక్కరు పట్టుకుని, కుడిచేత్తో ఈల పట్టుకుని, పురిటి ఆవు వెనక పాలచెంబుతో పరుగెత్తేవాడిలా తిరిగాను. ఇంకా ఐదు నిమిషాలుంది. ఎవరికీ గోలు లేదు. బావ కళ్ళలో అప్పుడే వెలుగు కనిపిస్తోంది.

అప్పుడు ప్రసాదు బంతితో దూసుకొచ్చాడు. మావాడు వెనకనుంచి అతని చొక్కా పట్టి లాగాడు. ఫౌలే. కాని ప్రసాదు పడలేదు, తూలి నిలదొక్కుకుని పరుగెత్తుతూనే ఉన్నాడు. ఇక్కడే అసలు రూలుంది. ఫౌలుకి గురైనవాడికి ఆట సాగితేనే లాభమైతే రెఫరీ ఈల ఊదకూడదు. రెండు చేతులూ ముందుకి ఊపి, ఆట కానివ్వమని సైగ చెయ్యాలి. లేకపోతే తప్పు చేసినవాడికే మేలు చేసినట్టవుతుంది.

రెండు చేతులూ ఊపాలి. నాకున్నవి రెండే, ఒకటి నిక్కరు మీద ఉంది. రెండూ ఎత్తితే ఖిదిర్‌పూర్, లిలువా ఏకకాలంలో చూడకూడనిది చూస్తాయి. సరే, నోటితో చెబుదామనుకున్నాను. ఆ ఫౌలుని వదిలేశాను, ఆడుకోండి అని చెప్పాలి. అంత పొడుగు మాట ఆ పరుగులో రాలేదు. పుట్టినప్పటినుంచి నోట్లో ఉన్న మాట వచ్చింది.

"ఒగ్గీ, ఒగ్గీ" అని అరిచాను.

మా శ్రీకాకుళం భాషలో ఒగ్గీ అంటే వదిలెయ్ అని. బెజవాడ ప్రసాదుకి ఆ మాట తెలియదు. ఎవరినో తిట్టాననుకుని అతను బంతిని తన్నాడు. కాలు జారి ఆ దెబ్బ సరిగా తగల్లేదు, బంతి బురదలో బద్ధకంగా దొర్లింది. దాన్ని ఆపాల్సిన బావకి మాత్రం ఆ మాట ఉగ్గుపాలతో తెలుసు. సాక్షాత్తూ బావమరిది, అందులోనూ రెఫరీ, వదిలెయ్యమన్నాడు. ఫౌలు ఇచ్చేశాడు, ఆట ఆగిపోయింది అనుకున్నాడు. బంతిని ఒగ్గేశాడు. గోల్‌పోస్టుకి వేలాడుతున్న గమ్‌ఛా తీసుకుని మొహం తుడుచుకోసాగాడు. బంతి ఆయన కాళ్ళ పక్కనుంచి మర్యాదగా లోపలికి వెళ్ళింది.

గమ్‌ఛా తీసి చూసేసరికి లిలువా వాళ్ళు ఒకరిమీద ఒకరు పడి దొర్లుతున్నారు.

"ఏటిరా ఇది" అన్నాడు బావ.

ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారు. నాకు ముందు లిలువా, వెనక బావ. రెండు జట్లూ చుట్టూ మూగాయి. ఘోషాల్‌దా కుంటుకుంటూ వచ్చి, "ఒగ్గీ మానే కీ?" అని అడిగారు. ఒగ్గీ అంటే ఏమిటని.

"ఆట కానివ్వమని చెప్పాను దాదా."

"నేదు దాదా, ఛోడ్ దో అని అర్తం" అన్నాడు మావాడు.

"అయితే మీ గోలీ వదిలేశాడుగా. పెద్దలు చెప్పిన మాట విన్నాడు, తప్పేంటండీ?" అన్నాడు ప్రసాదు.

ఘోషాల్‌దా కాసేపు గడ్డం గోక్కున్నారు. "బాన్షీ నా బాజ్‌లే ఖేలా థామే నా" అన్నారు. ఈల మోగకపోతే ఆట ఆగదని. తర్వాత నా కళ్ళలోకి చూసి, "నువ్వు ఈల ఊదావా లేదా, అది నీకే తెలియాలి. ఊదితే గోలు లేదు. ఊదకపోతే గోలే" అన్నారు.

ఇక్కడ నా పాపం ఒప్పుకోవాలి. ఆ వానలో, ఆ గోలలో, ఊదానని చెబితే కాదనేవాడు లేడు. ఒక్క అబద్ధంతో బావ ఎనిమిదేళ్ళ పరువు నిలుస్తుంది, నా మధ్యాహ్నం అన్నమూ నిలుస్తుంది. నోట్లోకి వచ్చింది కూడా.

బావ దగ్గరకొచ్చాడు. "నిజం సెప్పు. ఈల ఊదినావా?"

ఆయన మొహం చూశాక అబద్ధం రాలేదు. "నేదు బావా. నోటితో అన్నానంతే. నిక్కరు జారిపోతందని సెయ్యెత్తనేదు."

బావ నా మొహం చూశాడు. తన నిక్కరు చూశాడు. వెనక్కి వెళ్ళి వలలోంచి బంతి తీసి, తనే తెచ్చి మైదానం మధ్యలో పెట్టాడు. "గోలే. ఆడండి" అన్నాడు. ఆ మనిషంటే అంత గౌరవం అంతకుముందు నాకు ఎప్పుడూ కలగలేదు.

ఒక్క గోలుతో లిలువా గెలిచింది. అయితే మేకపోతుని ఏ బస్సు కండక్టరూ ఎక్కించుకోలేదు. మూడు బస్సులు పోయాక ప్రసాదు దాన్ని తోలుకుని మా క్వార్టర్లకే వచ్చాడు. "మీరే వండండి, అందరం కలిసి తిందాం" అన్నాడు. అప్ప పెద్ద డేగిశా పొయ్యి మీద పెట్టింది. నన్ను చూసి మాత్రం, "ఆ నోటికి గంజి పోసి పెంచినాను. ఆ నోరు నా మొగుడి మీదే ఇప్పినావు" అంది.

మధ్యాహ్నం వరండాలో రెండు జట్లూ బారుగా కూర్చున్నాయి. బావ ఎదురుగా నేను. అప్ప కోపంగానే నా విస్తట్లో మంచి ముక్కలు వేసింది. ఆకలితో ఒక ముక్క అందుకున్నాను.

"ఒగ్గీ" అన్నాడు బావ.

ముక్క విస్తట్లో పడింది. నా చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చేసింది.

బావ వరస మొత్తం చూశాడు. "అందరూ సూసినారా? ఈడూ ఒగ్గీసినాడు. మరి నాను ఒగ్గితే ఏటి తప్పు?" అన్నాడు.

లిలువా, ఖిదిర్‌పూర్ అని తేడా లేకుండా నవ్వారు. ప్రసాదుకి పొలమారింది. బావ కూడా నవ్వాడు, ఆ నవ్వుతోనే ఆయన గోలీ పని ముగిసింది. కాసేపయ్యాక నా వైపు వంగి, "తిను. నీ బాసలో ఒగ్గీ అంటే కానిమ్మనే గదా" అన్నాడు.

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. రెఫరీకి మాత్రం నోరు మూసుకుంటేనే ఊరు మంచిది. అందుచేత ఆ మేకపోతు ఎముకల సాక్షిగా ఆనాడే ప్రమాణం చేశాను. ఇక నా బొందిలో ప్రాణం ఉన్నంతవరకు మైదానంలో మాతృభాష మాట్లాడను, ఈల ఊదకుండా ఎవరినీ దేన్నీ ఒగ్గమనను, అన్నిటికన్నా ముఖ్యంగా, బావ నిక్కరు తొడగను.