గడప బ్రోకరు చూడని గడప

ఆయన్ని అందరూ గడప బ్రోకరు అంటారు. అసలు పేరు ఆఫీసు బోర్డు మీద ఉంది గానీ, పక్క షాపువాడు దించుకున్న రేకు దానికి అడ్డం వచ్చి ఎవరికీ కనబడదు. కనబడినా ఎవరూ ఆ పేరుతో పిలిచేవాళ్ళు కాదు.

ఇల్లు కొనాలని తన దగ్గరికి వచ్చిన మనిషికి ఆయన వెంటనే ఒక్క ఇల్లూ చూపించడు. "ముందు మీరిప్పుడు ఉంటున్న ఇల్లు చూడనివ్వండి. ఉండబోయే ఇంటి సంగతి తర్వాత మాట్లాడుకుందాం" అంటాడు. అన్నట్టే వాళ్ళింటికి వెళ్తాడు. లోపలికి రమ్మన్నా రాడు. గడప దగ్గరే ఒక నిమిషం నిలబడి చూస్తాడు. బయట ఎన్ని జతల చెప్పులున్నాయి, ఎవరివి ఎంత అరిగాయి, కుర్చీ ఎటు తిరిగి ఉంది, కిటికీకి తెర వేసి ఉందా తీసి ఉందా, ఇవన్నీ కళ్ళతోనే లెక్కేసుకుంటాడు. తర్వాత లోపలికి వచ్చి, ఇచ్చిన మంచినీళ్ళు తాగి, పిల్లలు ఏం చదువుతున్నారో అడిగి వచ్చేస్తాడు. మర్నాడు ఫోన్ చేసి వాళ్ళు ఏ ఏరియాలో కొనుక్కోవాలో చెప్పేస్తాడు.

మొదట్లో జనం నవ్వుకున్నారు, ఈయన బ్రోకరా జ్యోతిష్కుడా అని. తర్వాత తర్వాత నవ్వడం మానేశారు. కొత్తగా పెళ్ళయిన జంట ఒకటి కొండవాలు కాలనీలోనే ఇల్లు కావాలని పట్టుబట్టింది. ఆయన వెళ్ళేసరికి వాళ్ళ గడప ముందు పదకొండు జతల చెప్పులు! లోపల స్నేహితులు నేల మీద కూర్చుని కబుర్లలో ఉన్నారు. "మీరు కొండెక్కితే ఈ పదకొండు జతలూ అక్కడికి రావు" అని చెప్పి స్టేషన్ వెనక వీధిలో ఇప్పించాడు. రిటైరైన హెడ్మాస్టరు ఒకాయన తనకు ప్రశాంతత తప్ప ఇంకేమీ వద్దన్నాడు. ఆయన పడక్కుర్చీ చూస్తే రోడ్డు వైపు తిరిగి, గేటుకు మూడడుగుల దూరంలో ఉంది. ఆయన్ని తీసుకెళ్ళి ఒక బడి ఎదురింట్లో దించాడు. వారం రోజులు తిట్టిన హెడ్మాస్టరు ఆ తర్వాత కనబడిన ప్రతివాడికీ గడప బ్రోకరు నంబరు ఇవ్వడం మొదలుపెట్టాడు.

ఇరవై రెండేళ్ళ అనుభవమంతా ఒక నోటుబుక్కులో ఉంది. ఏరియాకు ఒక పేజీ. ఆ ఏరియా ఎలాంటి వాళ్ళకు సరిపోతుందో అందులో రాసి ఉంటుంది. కొత్త లేఅవుట్లు రేపటి గురించి ఆలోచించేవాళ్ళకు. ఆసుపత్రి రోడ్డు భయస్తులకు. కొండవాలు కాలనీ తలుపు వేసుకుని బతకాలనుకునేవాళ్ళకు. తన ఆఫీసు ఉన్న బజారు వీధి పేజీలో మాత్రం ఒక్క ముక్కే రాసుకున్నాడు: ఎవరికీ పనికిరాదు.

ఇంత మొనగాడూ ఇరవై ఆరేళ్ళుగా అద్దె ఇంట్లోనే ఉన్నాడు. అందరికీ ఇళ్ళు చూపించే మనిషికి తన ఇల్లు చూసుకునే తీరికెక్కడిది? ఆ తీరిక ఇంటి ఓనరే కల్పించాడు. ఇల్లు తనకే కావాలి, రెండు నెలల్లో ఖాళీ చేయమన్నాడు.

"ఎలాగూ కొనుక్కుందామనుకున్నాం కదండీ. మీకంటే తెలిసినవాళ్ళెవరు? మీరే చూడండి" అంది ఆయన భార్య.

ఆ మాటతో ఆయన నెత్తిన బండ పడ్డట్టయింది. వేరే ఊళ్ళో ఉన్న కూతురికి ఫోన్ చేస్తే, "ఆసుపత్రి రోడ్డులో తీసుకోండి నాన్నా, మీకూ వయసొస్తోంది" అంది. బావమరిది ఇంటికే వచ్చి కూర్చున్నాడు. "బావా, నా మాట విను. కొత్త లేఅవుట్లలో తీసుకో. ఐదేళ్ళలో అక్కడ ఊరే వెలుస్తుంది" అన్నాడు. "ఈ ఐదేళ్ళూ ఎవరితో ఉండాల్రా?" అంటే, "కుక్కను పెంచుకో" అన్నాడు. పొద్దున ఆసుపత్రి రోడ్డు బాగున్నట్టు ఉండేది. మధ్యాహ్నానికి స్టేషన్ వెనక వీధి మేలనిపించేది. సాయంత్రానికి రెండూ వద్దనిపించేది. నోటుబుక్కు తిరగేస్తే ప్రతి పేజీలోనూ కొంచెం కొంచెం తామే ఉన్నట్టుండేది, ఏ పేజీలోనూ పూర్తిగా లేనట్టూ ఉండేది. ఊరందరి రకాలూ చెప్పగలిగిన మనిషి తన ఇంట్లోవాళ్ళది ఏ రకమో తేల్చుకోలేక తల పట్టుకున్నాడు.

భార్యకు తొమ్మిది ఇళ్ళు చూపించాడు. తొమ్మిదింటికీ ఆవిడ ఒకే మాట అంది: "బాగుంది." కస్టమర్లు అనే 'బాగుంది'లో ఏది నిజమో, ఏది మొహమాటమో, ఏది ఇక పోదాం పదండి అనో ఆయన గొంతు వినగానే చెప్పేస్తాడు. భార్య అనే 'బాగుంది' మాత్రం ఎంత చెవి పెట్టి విన్నా అంతుపట్టలేదు. చివరికి ఆలోచించి ఆలోచించి ఒక దారి పట్టుకున్నాడు. ఆవిడ తక్కువ మాట్లాడే మనిషి. తక్కువ మాట్లాడేవాళ్ళకు ప్రశాంతత ఇష్టం. కాబట్టి కొండవాలు కాలనీ. హెడ్మాస్టరు విషయంలో నేర్చుకున్న పాఠం ఆ క్షణాన ఏ అటక మీద పెట్టాడో ఆయనకే తెలియాలి.

శనివారం ఆవిణ్ణి అక్కడికి తీసుకెళ్ళాడు. వీధికి నాలుగే ఇళ్ళు, నాలుగింటికీ ఎత్తైన గోడలు. ఖాళీ హాల్లో నిలబడి ఆవిడ ఒకసారి చప్పట్లు కొట్టింది. ఆ శబ్దం గదులన్నీ తిరిగి వెనక్కి వచ్చింది.

"చుట్టుపక్కల ఎవరైనా ఉంటున్నారా?" అని అడిగింది.

"ఉన్నా వినిపించరు!" అన్నాడాయన గర్వంగా.

"బాగుంది" అందావిడ.

సోమవారం చెబుతానని ఆ ఇంటాయనకు మాటిచ్చి వచ్చేశాడు. కానీ ఆ పదో 'బాగుంది' మాత్రం చెప్పులో రాయిలా ఆయన్ని గుచ్చుతూనే ఉంది. ఆవిడ చప్పట్లెందుకు కొట్టింది? గోడలు గట్టివో కాదో చూడ్డానికా? ఇల్లు నచ్చా? నచ్చకా? అడుగుదామనుకున్నాడు. అడిగితే 'మీ ఇష్టం' అంటుందని తెలుసు. ఆవిడతో మొగుడిగా అడిగి లాభం లేదని ఆదివారం పొద్దున ఆయనకు తోచింది. వెంటనే ఉతికిన చొక్కా తొడుక్కుని, నోటుబుక్కు చంకన పెట్టుకుని బయటికి వెళ్ళి, తలుపు దగ్గరికి లాగి, తన ఇంటి బెల్లు తనే కొట్టాడు.

ఆవిడ తడిచేతులతో వచ్చి తలుపు తీసింది. "ఇదేంటి? ఇప్పుడేగా వెళ్ళారు. ఏమైనా మర్చిపోయారా?"

"నేను మీవారిని కాదండీ, బ్రోకర్ని" అన్నాడాయన గంభీరంగా. "మీరు ఇల్లు కొంటున్నారని తెలిసింది. ఇప్పుడున్న ఇల్లు చూసిపోదామని వచ్చాను."

ఆవిడ ఆయన్ని పై నుంచి కింది దాకా చూసింది. ఈయనకేమైనా అయిందా అన్నట్టు ముందు కనుబొమలు ముడిపడ్డాయి. తర్వాత పెదవి చివర చిన్న నవ్వు కదిలింది. "రండి బ్రోకర్ గారూ. మావారు ఇంట్లో లేరు. ఆదివారం కూడా ఉండరు లెండి."

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. ఆయన వెంటనే లోపలికి రాలేదు. అలవాటు ప్రకారం గడప దగ్గర నిలబడి చూశాడు. రెండు జతల చెప్పులున్నాయి. తనవి మడమ దగ్గర సగానికి సగం అరిగిపోయాయి. పక్కనే ఆవిడవి. మూడేళ్ళ కిందట తనే కొనిచ్చాడు. ఒకటి తీసి తిప్పి చూశాడు. అడుగున గీతలు కూడా చెరగలేదు, నిన్న షాపులోంచి తెచ్చినట్టున్నాయి. ఇదే జత ఇంకొకరి గడప ముందు ఉంటే ఏమనేవాడు? ఈ మనిషి బయటికే వెళ్ళదు అనేవాడు. ఎందుకు వెళ్ళదు అని కూడా ఆలోచించేవాడు.

తర్వాత లోపలికి వెళ్ళాడు. హాల్లో టీవీ నడుస్తోంది. దాని ముందు కుర్చీలో ఎవరూ లేరు. వంటింట్లో రేడియో కూడా నడుస్తోంది. ఆవిడ పీట కిటికీకి ఆనించి ఉంది. ఆ కిటికీలోంచి చూస్తే చెట్టూ లేదు, ఆకాశమూ లేదు. పై అంతస్తులవాళ్ళు ఎక్కి దిగే మెట్లే కనబడతాయి. కిటికీ గట్టు మీద కప్పు పెట్టీ పెట్టీ ఒక గోధుమరంగు చక్రం పడింది.

"రెండూ ఒకేసారి పెట్టారేంటండీ, ఏది వింటారు?" అన్నాడు బ్రోకరు గొంతుతోనే.

"రెండూ విననండీ. ఇంట్లో ఎవరో ఉన్నట్టుంటుందని పెట్టుకుంటా."

ఆయన నోటుబుక్కు తెరిచాడు గానీ ఏం రాయాలో తోచలేదు. "మీకు ప్రశాంతంగా ఉండే చోటు ఇష్టమని మీవారు చెప్పారే?"

"ఆయనకెవరు చెప్పారట?"

"మీరు తక్కువ మాట్లాడతారు కదా... అందుకని..."

ఆవిడ పీట మీద కూర్చుంది. "తొమ్మిదింటికి వెళ్తారండీ మావారు. చీకటి పడ్డాక వస్తారు. వచ్చాక ఊళ్ళోవాళ్ళ ఇళ్ళ గురించి చెబుతారు. నేను వింటా. అమ్మాయి ఉన్నన్నాళ్ళూ దాంతో మాట్లాడేదాన్ని. ఇప్పుడు మధ్యలో ఎవరితో మాట్లాడాలి, చెప్పండి? వాడక వాడక మాటలే తగ్గిపోయాయి. అంతేగానీ నిశ్శబ్దం ఇష్టమై కాదు. నిన్న చూపించారే, ఆ ఇంట్లో చప్పట్లు కొడితే నా చప్పట్లే నాకు వినిపించాయి. నాకు భయమేసింది."

గడప బ్రోకరుకు ఏడ్వాలో, క్షమించమనాలో, ఆట ఆపేయాలో అర్థం కాలేదు. ఆట ఆపేస్తే ఆవిడ మళ్ళీ 'మీ ఇష్టం'లోకి వెళ్ళిపోతుందేమోనని భయపడ్డాడు. "మరి... మీకెలాంటి చోటు కావాలండీ?"

"మావారు మధ్యాహ్నం ఇంటికొచ్చి అన్నం తిని వెళ్ళేంత దగ్గర్లో కావాలి. గడప దాటితే నలుగురు మనుషులు కనబడాలి. అంతే. పెద్ద కోరికా?"

"అలాగైతే బజారు వీధి ఒక్కటే ఉందండీ. అది ఎవరికీ పనికిరాదు."

"ఎవరన్నారు?"

"నేనే రాసుకున్నాను."

"మీరు రోజుకు పన్నెండు గంటలు అక్కడే కూర్చుంటారుగా?" అందావిడ, ఆట మర్చిపోయి.

ఆయన నోటుబుక్కు మూసేశాడు.

సోమవారం కొండవాలు ఇంటాయనకు ఫోన్ చేసి, వద్దనుకున్నామని చెప్పడానికి నానా తంటాలు పడ్డాడు. "ఏం, ఇంట్లోవాళ్ళకు నచ్చలేదా?" అని ఆయన అడిగితే, "నచ్చిందో లేదో నేనే అడగలేదండీ" అన్నాడు. అవతలాయనకు ఆ మాట ముక్క కూడా అర్థం కాలేదు. బావమరిదికి ఇంకా తక్కువ అర్థమైంది. "బజారులోనా? బావా, నీకు మతిగానీ పోయిందా?" అన్నాడు. పోలేదని గట్టిగా చెప్పే ధైర్యం ఆయనకూ లేదు.

ఆఫీసుకు ఎదురుగా, గడియారాలు బాగుచేసే షాపు పైన రెండు గదుల ఇల్లు ఖాళీగా ఉంది. ఎన్నోసార్లు తనే కస్టమర్లకు చూపించకుండా దాటించేసిన ఇల్లది. భార్యతో వెళ్ళాడు. ఆవిడ కిటికీ తెరిచింది. బండ్ల హారన్లు, సామాన్లు దించే కేకలు, ఎవరో ఎవరినో పిలుస్తున్న అరుపులు, అన్నీ ఒక్కసారిగా లోపలికి వచ్చి పడ్డాయి. ఆయన భయంభయంగా ఆవిడ ముఖం చూశాడు, ఏమీ తెలియలేదు. ఇక పదకొండో 'బాగుంది' వస్తుందని సిద్ధపడ్డాడు.

"ఆ బట్టల కొట్టులో ఎందుకలా అరుచుకుంటున్నారు?" అంది.

"ఉతికితే రంగు పోయిందని గుడ్డ వెనక్కి తెచ్చినట్టున్నారు."

"అంత ముదురు రంగు ఉతికితే పోదా మరి? చూసి కొనుక్కోవద్దూ?" అంటూ ఆవిడ కిటికీలోంచి ఇంకాస్త ముందుకు వంగింది. తర్వాత, "మీ కుర్చీ ఏది?" అని అడిగింది.

ఆయన వేలు చూపించాడు. రోడ్డుకు అవతల, రేకు కింద, గోడ వైపు తిరిగి, వీధికి వీపు పెట్టి ఉంది కుర్చీ. ఇరవై రెండేళ్ళుగా అలాగే ఉంది. ఇంకొకరి కుర్చీ అయితే దాని గురించి ఆయన ఒక పేజీ రాసేవాడు.

నెల తిరక్కుండా ఆ ఇల్లు కొనుక్కుని దిగిపోయారు. మొదటి రోజు మధ్యాహ్నం ఆయన రోడ్డు దాటి వచ్చి అలవాటుగా గడప దగ్గర ఆగిపోయాడు. "లోపలికి రండి బ్రోకర్ గారూ, అన్నం చల్లారిపోతోంది" అంది ఆవిడ. తీరా లోపలికి వచ్చాక కంచాలు ఎక్కడుంటాయో తెలియక మూడు అరలు తెరిచి చూశాడు. పాత ఇంట్లో ఎక్కడుండేవో గుర్తు తెచ్చుకోబోయాడు. అదీ తెలియదు. సిగ్గేసింది.

తిరిగి వెళ్ళి కుర్చీని వీధి వైపు తిప్పుకున్నాడు. ఎండ కళ్ళలో పడుతోందని కస్టమర్లు సణిగారు. సణగనీ అనుకుని తల ఎత్తి కిటికీ వైపు చూశాడు. ఆవిడ అక్కడ కూర్చుని తనవైపు చూస్తుంటుందని లోలోపల ఆశ. కిటికీ ఖాళీగా ఉంది. మర్నాడూ ఖాళీయే. కంగారు పడి లేచి నిలబడితే బట్టల కొట్టులోంచి ఆవిడ గొంతు వినిపించింది. ఏదో గుడ్డ రంగు గురించి కొట్టువాడితో వాదిస్తోంది. ఆ గొంతు అంత పెద్దదని ఆయనకు తెలియదు.

బజారు వీధి పేజీలో రాసిన ముక్క కొట్టేశాడు. దాని కింద ఏం రాయాలో మాత్రం ఇంకా తేలలేదు. ఆవిడ ఏ రకమో తెలిస్తేగా? ఒక్కోరోజు ఒక్కోలా ఉంటుంది. పక్క కొట్టువాళ్ళ పంచాయితీలు తీరుస్తుంది, నవ్వుతుంది, అన్నం తింటున్న మొగుడి ముందు ఆగకుండా మాట్లాడుతుంది. మధ్యలో ఆయన కస్టమర్ల ఇళ్ళ గురించి ఎత్తితే, "అవి తర్వాత చెబుదురుగానీ, ముందు ఇది వినండి" అంటుంది.

నాలుగు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం ఆయన తినడానికి వస్తుంటే గడప దగ్గర ఆవిడ ఎదురైంది. "రేపు కాస్త తీరిక చేసుకోండి, చెప్పులు కొనాలి" అంది. మూడేళ్ళు కొత్తగా ఉన్న చెప్పులకు ఇంతలో ఏమొచ్చిందో ఆయనకు అర్థం కాలేదు. ఆవిడ లోపలికి వెళ్ళాక ఒకటి తీసి తిప్పి చూశాడు. మడమ దగ్గర అడుగు అరిగి అవతలి వెలుగు కనబడుతోంది. గడప బ్రోకరు దాన్ని తన అరిగిన చెప్పుల పక్కన జాగ్రత్తగా పెట్టి లోపలికి వెళ్ళాడు.