సారు బొటనవేలు

ఫోన్‌లో బటన్ నొక్కినప్పుడల్లా ఆయన బొటనవేలు కళ్ళ ముందు కదులుతుంది.

తిరువూరు కంప్యూటర్ సెంటర్లో మాకు సెల్‌ఫోన్లో తెరుచుకునే వెబ్ పేజీలు రాయడం నేర్పిన సారు, కిటికీ వైపు చూస్తూనే ఫోన్ నొక్కేవారు. బటన్లన్నీ ఒకే తీరుగా, ఒకే చోట ఉండేలా కోడ్‌లో ఒకే క్లాస్ రాయించి, ప్రతి పేజీలోనూ దాన్నే వాడించేవారు. "ఎక్కడ చూసినా అదే వరస ఉండాలమ్మాయ్. వేలు వెతుక్కోకూడదు."

ఒకరోజు ఓనరు గుమ్మంలోకి వచ్చాడు. "ఏంటండీ, మీకు చూపు ఆనట్లేదంటున్నారు? అదే నిజమైతే వేరే సారును చూసుకోవాలి మరి."

సారు నవ్వి, ఫోన్ నా ముందుకు చాపి నొక్కారు. "ఇదిగో, రెండో పేజీ. వచ్చిందా అమ్మాయ్?"

చార్జింగ్ అయిపోయి తెర నల్లగా ఉంది. ఆయన వేలు ఇంకా బటన్ నొక్కుతూనే ఉంది.

"వచ్చింది సార్," అన్నాను.