పెటిగ్రూ గారి టోపీలోని శాంతి

ప్రెసిడెంటు గారి కార్యాలయంలో నా పక్క బల్ల ఆబ్నర్ పెటిగ్రూ గారిది. విదేశాలకు పోవలసిన తంతి సందేశాలను ఆయనే పచ్చిక మైదానం దాటి, యుద్ధశాఖ భవనంలోని తంతి గదికి చేర్చేవారు. చేర్చేవారని పైవాళ్ళ నమ్మకం. నిజానికి వాటిలో సగం చేరకుండా చూడడమే ఆయన అసలు ఉద్యోగం.

మా ప్రెసిడెంటు గారికి కోపం ఫలహారానికి ముందు వస్తుంది. ఓడల కాలంలో దీనివల్ల ప్రపంచానికి నష్టం లేకపోయింది. రాసిన ఉత్తరాన్ని ఓడ కదిలేలోగా ఆయనే వెనక్కి తెప్పించుకునేవారు. సముద్రం అడుగున తంతి తీగ పడ్డాక ఆ వెసులుబాటు పోయింది. అప్పుడు పెటిగ్రూ గారు తమ పొడుగు టోపీని దేశసేవకు అర్పించారు. కోపపు కాగితం అందుకోవడం, "చిత్తం" అనడం, టోపీలో దాచుకోవడం, తోటలో ఉడుతలకు వేరుశనగలు వేయడం. మధ్యాహ్న భోజనం అయ్యాక ప్రెసిడెంటు గారి గుమ్మంలో నిలబడి దగ్గేవారు.

"పొద్దుటిది పంపమంటారా అయ్యా?"

"ఇంకా పంపలేదా? ఎంత నిదానస్తుడివయ్యా! సరే, ఇలా తే, పొయ్యిలో పడేద్దాం."

రెండు ఖండాల శాంతి ఆ టోపీలో ఉందన్న సంగతి మా ఇద్దరికే తెలుసనుకునేవాళ్ళం.

ఆ వేసవిలో సముద్రం అవతలి రాజ్యం ఒకటి మా చేపల పడవను, మనుషులతో సహా పట్టుకుంది. రాజ్యం పేరు చెప్పను. వాళ్ళ రాయబారి ఇప్పుడు మా వీధిలోనే ఉంటాడు. ప్రెసిడెంటు గారు కాఫీ అయినా ముట్టకుండా రాశారు: "మా పడవను వదలండి. లేదంటే మా యుద్ధనౌకలు వచ్చి తెచ్చుకుంటాయి." కాగితం యథాప్రకారం టోపీలోకి వెళ్ళింది.

వచ్చిన తంతులు తెచ్చుకోవడానికి మేమిద్దరం తంతి గది మెట్ల దగ్గరకు చేరేసరికి, వీధిలో ఒక ముసలి జనరల్ అంతిమయాత్ర వస్తోంది. శవపేటిక ఎదురైతే మా ఊళ్ళో మగవాడు టోపీ తీయాలి. తీయనివాడితో ఆ తర్వాత ఎవరూ చేయి కలపరు. పెటిగ్రూ గారు టోపీ తీసి గుండెకు ఆనించుకుని, కళ్ళు మూసుకుని ప్రార్థనలో పడ్డారు. నేనూ అంతే. బ్యాండు మలుపు తిరిగాక కళ్ళు తెరిచాం. తంతి గుమాస్తా లూథర్ క్రేన్ నవ్వుతూ మెట్లు దిగుతున్నాడు.

"ఏమండోయ్ పెటిగ్రూ గారూ, మీ టోపీలోంచి కాగితం పడింది. ప్రెసిడెంటు గారి సంతకం కనబడింది. మీ భక్తిని చెడగొట్టడం ఎందుకని నేనే తంతి కొట్టేశాను."

"ఎక్కడికి కొట్టావు?"

"ఎక్కడికని రాసి ఉంటే అక్కడికే!"

"వెనక్కి పిలువు!"

"అదేమన్నా కుక్కా సార్, ఈల వేస్తే రావడానికి?"

పెటిగ్రూ గారు మెట్ల మీద కూలబడ్డారు. "నా టోపీ మూలాన ఎంతమంది కుర్రాళ్ళు ఓడలెక్కి చావబోతున్నారోయ్," అన్నారు. 

ఆ టోపీ చేతిలో పట్టుకునే, నన్ను వెంటబెట్టుకుని భోజనాల గదికి వెళ్ళి జరిగింది చెప్పారు. ప్రెసిడెంటు గారి చేతిలోని ఫోర్కు జారి పళ్ళెంలో పడింది.

"పంపేశావా? నువ్వు పంపవన్న ధైర్యంతోనే కదయ్యా నేను అలా రాస్తాను!"

ఇన్నేళ్ళూ ఆయనకు టోపీ సంగతి తెలుసు!

"మెత్తగా ఇంకో తంతి ఇద్దామా అయ్యా?" అన్నారు పెటిగ్రూ గారు.

"బెదిరించిన నోటితోనే బతిమాలితే రేపు ఇంకో పడవ పట్టుకుంటారు. కూర్చో. జవాబు వచ్చేదాకా చూద్దాం."

మర్నాడు క్రేన్ పరుగున వచ్చాడు. "వదిలేశారు! పడవనీ, మనుషులనీ, చేపలతో సహా! చేపలు మాత్రం కుళ్ళాయట!"

పెటిగ్రూ గారు కళ్ళు తుడుచుకున్నారు. సాయంత్రం పత్రికలు ప్రెసిడెంటు గారిది ఉక్కు గుండె అన్నాయి. ఆయన ఆ ముక్క కత్తిరించి అద్దం పక్కన అంటించుకున్నారు.

మరుసటి ఉదయం ఫలహారానికి ముందే గంట మోగింది. ఇంకో కాగితం, ఈసారి ఇంకో రాజుకు. పెటిగ్రూ గారు "చిత్తం" అన్నారు. చేయి అలవాటుగా టోపీ వైపు వెళ్ళింది.

"టోపీలో వద్దు," అన్నారు ప్రెసిడెంటు గారు, కాఫీ కలుపుకుంటూ. "చేత్తో పట్టుకెళ్ళు. పరిగెత్తు."

పెటిగ్రూ గారు కాగితాన్ని బల్ల మీద పెట్టి, ఖాళీ టోపీ తలకు పెట్టుకుని, ఇంటికి వెళ్ళిపోయారు. మళ్ళీ రాలేదు.

ప్రెసిడెంటు గారు ఆ కాగితం తీసి నాకందించారు. నేను పచ్చికలోకి వచ్చేసరికి, తంతి గది గుమ్మంలో క్రేన్ అప్పటికే చేయి చాపి నిలబడి ఉన్నాడు.