సూరిబాబు వదిలిన చివరి గడి

పెన్సిల్ మొన కాగితాన్ని తాకబోయి ఆగింది. మమత దాన్ని బల్ల మీద పెట్టేసి చేతులు ఒళ్లో పెట్టుకుంది. "నేను గీస్తే ఇది నాదైతదమ్మా. సార్‌ది కాదు" అంది. ఎదురుగా సూరిబాబు గారి భార్య రాజ్యలక్ష్మి గారు కూర్చుని ఉన్నారు. చిక్కడపల్లిలోని ఆ మేడ గదిలో అప్పుడు మధ్యాహ్నం మూడున్నర.

అక్కడికి చేరిన దారి చెప్పాలి. వరంగల్లులో మా అన్న కూతురు సర్కారు ఉద్యోగ పరీక్షలకు చదువుతోంది. హైదరాబాద్‌లో కోచింగ్ సెంటర్లుండే అశోక్‌నగర్ నుంచి తెప్పించుకున్న ఆమె జిరాక్స్ నోట్సులో, బిల్లు చట్టమయ్యే తీరంతా మాటల్లేని బొమ్మల గళ్లలో ఉంది. ప్రతి పేజీలో చివరి గడి ఖాళీ. చిన్నప్పుడు నేను చదివిన సూరిబాబు గారి బొమ్మల కథలు అలాగే ముగిసేవి. ఖాళీ గడి కింద "ఇక మీరు" అని రాసేవారు. మా వీధిలో ఎన్ని ఇళ్లుంటే ఒకే కథకు అన్ని ముగింపులు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఈ నోట్సు గీసిందెవరో చూడాలని మర్నాడు పొద్దున ఏడు గంటల రైలెక్కాను.

పక్క సీటాయన నా చేతిలోకి తొంగి చూశాడు. "ఈ వయసుల పరీక్షనా సార్?"

"బొమ్మలు చూస్తున్నానండీ."

"మా పోరడు గూడ గివే చదువుతుండు. ఆఖరి ఖాళీ డబ్బాల నన్నే గీసిండు, సభల నిద్రపోయే మెంబర్ లెక్క."

సికింద్రాబాద్‌లో దిగి, మెట్రోలో పదిన్నరకు నారాయణగూడ చేరాను. ఇడ్లీ తిని, చాయ్ తాగి అశోక్‌నగర్ దాకా నడిచాను. ఎండ లేకపోతే నడకే మేలు. నోట్సు అమ్మే జిరాక్స్ షాపాయన నవ్వాడు. "మొదట్ల డబ్బా ఖాళీగున్నదని మా షాపు ముద్ర గొట్టిన సార్. పిల్లలు కొట్లాటకొచ్చిన్రు. జవాబు గీసుకునే జాగల నీ ముద్రేందన్నా అని." ఎదురు సందులోని చదువుల గదిలో ఆ బొమ్మలు గీసిన మమత ఉంటుందని చెప్పాడు.

మమతది నాగర్‌కర్నూల్ దగ్గర పల్లె. రెండుసార్లు పరీక్ష తప్పింది, మళ్లీ రాస్తోంది. సూరిబాబు పేరు ఆమె ఎన్నడూ వినలేదు. "బడిల అట్ట లేని పుస్తకం దొరికింది సార్. ఆఖరి డబ్బా నేనే నింపిన. ఆ కథ ఇప్పటికీ మర్వలే. అందుకే నోట్సుల గట్లనే పెట్టిన." అది సూరిబాబు గారి పుస్తకమని, ఆయన పాత పుస్తకాల మీదున్న చిరునామాలోనే, పది నిమిషాల నడక దూరంలో, ఆయన భార్య ఉంటారని చెప్పాను. మమత మధ్యాహ్నం టెస్టు మానేసి బయల్దేరింది. రెండు గంటలకు మెస్సులో పప్పన్నం తిని రెండున్నరకు చిక్కడపల్లి చేరాం.

రాజ్యలక్ష్మి గారు ఆయన చివరి కథ తెచ్చి పరిచారు. వానలో ఒక ఉత్తరం పట్టుకుని ఇల్లు వెతికే తపాలా మనిషి కథ అది. చివరి గడి కింద "ఇక మీరు" లేదు. లోపల మాత్రం పెన్సిల్‌తో ఒక్క వంపు గీత ఉంది. పూర్తయిందో లేదో తేలిస్తేనే వేస్తామని ప్రచురణకర్త రాశారట. "నా చూపు పూర్తిగా పోకముందే అచ్చులో చూసుకోవాలని ఉందండీ" అన్నారావిడ. నోట్సు పేజీలను కళ్లకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసి, పెన్సిల్ మమతకిచ్చారు. "ఆయన పద్ధతి నీకొచ్చిందమ్మా. నువ్వే ముగించు."

మమత గీయలేదు. ఆవిడ ప్రచురణకర్త ఉత్తరం తీసి అడిగారు, "మరి వాళ్లకేం రాయను?"

"ఉన్నది ఉన్నట్టే అచ్చెయ్యమందాం. ఆ గీత గూడ ఉంచమందాం" అంది మమత.

మమత ఉత్తరం రాసింది, ఆవిడ సంతకం పెట్టారు, దారిలో నేను పోస్టు డబ్బాలో వేశాను. ఆరు గంటల రైల్లో కిటికీ పక్క కూర్చుని ఆలోచించాను. ఆయన పేరుతో ఆ చుట్టుపక్కల ఒక్క బోర్డు కూడా కనబడలేదు. అశోక్‌నగర్‌లో మాత్రం పెన్సిళ్లు ఆయన గడిలోనే తిరుగుతున్నాయి.

ఇది రాసే నాటికి ప్రచురణకర్త నుంచి జవాబు రాలేదు. ఆ వంపు గీత గుమ్మం కమాను అంటారు రాజ్యలక్ష్మి గారు, గొడుగు అంచు అంటుంది మమత. తపాలా మనిషి ఇల్లు చేరాడో, ఇంకా వానలోనే ఉన్నాడో తెలియదు.