అద్దాల గదిలో అమ్మ

కాలేజీ రోజుల్లో మార్నింగ్ షోకు ఒక్కదాన్నే వెళ్లి, తెర కన్నా గోడలనే ఎక్కువ చూసేదాన్నని ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో పిల్లర్ల వెనక సగం దాగిన పాత థియేటర్ అది. విల్లులా వంగిన ముందు గోడ, గాలి కోసం పెట్టిన సిమెంటు జాలీలు, నల్ల చుక్కల మొజాయిక్ మెట్లు. ఎండలోంచి వచ్చిన కళ్లు చీకటికి అలవాటు పడాలనేమో, లోపలికి పోయేకొద్దీ లాబీలో వెలుతురు కొంచెం కొంచెంగా తగ్గుతుంది. కట్టినవాళ్లెవరో గానీ మనుషుల గురించి ఆలోచించారు.

బాల్కనీ వెనక ఒక అద్దాల గది ఉంది, చంటిపిల్లల తల్లుల కోసం. పిల్లలు ఏడ్చినా హాల్లోకి వినపడదు. సినిమా మాటలు లోపలి స్పీకర్లోంచి వస్తాయి. అమ్మానాన్నలు గోదావరి వైపు నుంచి వచ్చి మన్సూరాబాద్‌లో అద్దెకు దిగిన కొత్తలో, అమ్మ నన్నెత్తుకుని అక్కడే కూర్చునేదట. థియేటర్ కూలగొడతారని తెలిశాక, ఎప్పుడూ ఏదీ కోరని అమ్మ, ఆ గదిలో ఒక్కసారి కూర్చోవాలని ఉందంది.

అడగాల్సింది నేను. కొత్తవాళ్లతో మాట్లాడాలంటే నాకు బిడియం. అమ్మను వెంటబెట్టుకుని వెళ్లి, బాల్కనీ గేటు దగ్గర టికెట్లు చింపే ఆవిడకు ఎలాగో చెప్పాను. ఆ గదికి తాళం వేసి చాలా ఏళ్లయిందనీ, విరిగిన కుర్చీలు పడేశారనీ అంది. నా ముఖం చూసి కాబోలు, అమ్మ వైపు తిరిగింది.

"గా రూముల సంటిపిల్ల ఉన్నోళ్లే కూసోవాలె అక్కా. ఏది, నీ పిల్ల ఏది?"

అమ్మ నా భుజం మీద చెయ్యి వేసింది. "ఇదేనండీ. కాస్త ఎదిగింది."

ఆవిడ నవ్వుతూ వెళ్లి తాళంచెవి తెచ్చింది.

విరగని కుర్చీలు రెండు వెతికి వేసుకున్నాం. స్పీకర్ పలకలేదు. తెర మీద పెదాలు కదులుతున్నాయి, మాట లేదు. అమ్మ ఆశపడి వచ్చింది ఇందుకా అనిపించి, బయట సీట్లలో కూర్చుందామా అన్నాను. ఆమె కదల్లేదు. పక్కన గుట్టగా పోసిన కుర్చీల వైపు చూసింది.

"సినిమా ఎప్పుడు చూశానే నేను? మీ నాన్న డ్యూటీకెళ్తే ఇంట్లో పలకరించే దిక్కుండేది కాదు. ఇక్కడైతే పక్కనున్నామె, పాపకి ఎన్నో నెలా అని అడిగేది. ఆ మాట కోసమే వచ్చేదాన్ని."