నీళ్లు రావడం లేదని రాసిన కాగితం

పోయిన మంగళవారం పొద్దున మా పక్క క్వార్టర్ ఫిట్టరన్న పోయాడు. వారం రోజులు దవాఖానలో ఆయాసంతో కొట్టుకుని, ఇంటికి పంపించెయ్యమని డాక్టర్లతో గొడవపడి, చివరికి ఇంటికి రాకుండానే పోయాడు. గోదావరిఖనిలో మా గని క్వార్టర్ల లైనులోని మగవాళ్లంతా ఆయన వెంట నడిచారు. నేను గేటు పట్టుకుని నిలబడిపోయాను. ఈ మనిషి కోసం ఏడ్చే హక్కు నాకుందా అనిపించింది. దాని వెనకున్న సంగతి ఆయన ఉండగా చెప్పలేకపోయాను కాబట్టి మీకు చెబుతున్నాను.

పద్నాలుగేళ్ల కిందట వాళ్ల సామాను ట్రాలీ ఆటోలో దిగుతుంటే కిటికీలోంచి చూశాను. బుర్ఖాలో ఆయన భార్య దిగింది, వెనకాలే ఇద్దరు పిల్లలు దిగారు. కిటికీ మూసేశాను. నేను టీచర్‌ని. మనుషులంతా ఒక్కటేనని ముందు రోజే పాఠం చెప్పి వచ్చాను. ఆ సాయంత్రం మాత్రం మా ఆయన్ని కూర్చోబెట్టి, "వీళ్ల పక్కన నేనుండ. ఇంట్ల ఆడపిల్ల ఎదుగుతున్నది" అన్నాను. వాళ్లు మాకేం చేశారని? అప్పటికింకా వాళ్ల బీరువా కూడా లోపలికి చేరలేదు.

అసలు కారణం కాగితం మీద పెట్టడానికి నాకే సిగ్గేసింది. అందుకని నల్లా నీళ్లు రావడం లేదు, వేరే క్వార్టర్ ఇప్పించండి అని దరఖాస్తు రాశాను. మా ఆయన సంతకం పెట్టి ఆఫీసులో ఇచ్చి వచ్చాడు.

నాలుగో రోజు సాయంత్రం, షిఫ్టు దిగి స్నానం చేసి, పానాలు, పనిముట్ల సంచితో ఫిట్టరన్నే మా గడపలో నిలబడ్డాడు. గనిలో పంపులు బాగుచేసేవాడు.

"చెల్లె, మీకు నీళ్లొస్తలేవట గద. ఆఫీసుల మీ కాయితం ముచ్చట తీసిండ్రు. జర చూస్త."

పక్కకు జరిగి దారిచ్చాను. ఆయన పెరట్లోకి వెళ్లి నల్లా తిప్పాడు. నీళ్లు ధారకట్టి ఆయన చొక్కా మీదికి దూకాయి. కాసేపు నల్లా వైపే చూశాడు తప్ప నావైపు తిరగలేదు. కట్టేసి, బాగానే ఉన్న వాషర్ తీసి కొత్తది వేశాడు. "ఇగ ఫికర్ లేదు. మళ్ల ఆగితె నన్ను పిలువు" అని వెళ్లిపోయాడు. పాపం, అమాయకుడు, ఏమీ అర్థం కాలేదనుకున్నాను. పద్నాలుగేళ్లు ఆ నమ్మకంతోనే బతికాను.

క్వార్టర్లు ఖాళీ లేవన్నారు. మేం అక్కడే ఉండిపోయాం.

నేను ఒక్కరోజులో మారిపోయానని చెబితే అబద్ధం. మా అమ్మాయి వాళ్లింట్లో ఆడుకుంటుంటే ఏదో పని చెప్పి వెనక్కి పిలిచేదాన్ని. అదే అమ్మాయి పదో తరగతి చదువుతున్నప్పుడు, ఆయన డ్యూటీ నుంచి వస్తూ లైను మొదట్లోనే స్కూటర్ ఆపి, చప్పుడుకు దాని చదువు చెడకుండా, ఇంటిదాకా నెట్టుకొచ్చేవాడు. ఎవరూ అడగలేదు. క్యారమ్స్‌లో మాత్రం పచ్చి మోసగాడు. మా ఆయన అటు చూస్తే చాలు, ఇటు కాయిన్ మాయమయ్యేది. చెడిపోయిన మోటారు ఎవరైనా తెచ్చి పనికిరాదంటే, "ముందు ఇప్పి చూడాలె, తర్వాత కరాబయిందనాలె" అని విసుక్కునేవాడు.

ఆయన మంచివాడు కాబట్టి నేను మారాను అంటే అందులో నా గొప్పేముంది? మేం మంచివాళ్లమా అని మాకు ఎవరూ పరీక్ష పెట్టలేదు. ఆయన మామూలు కోపిష్ఠి మనిషై, స్కూటర్ రయ్యిమనిపిస్తూ వచ్చుంటే? అప్పుడూ పక్కింట్లో ఉండే హక్కు ఆయనకుంది. ఈ సంగతి తలకెక్కడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

ఆ కాగితం గురించి చెప్పి, తప్పయింది, క్షమించమని అడగాలని ఎన్నోసార్లు అనుకున్నాను. మొన్న దవాఖానకూ అందుకే వెళ్లాను. ఆక్సిజన్ మాస్కు పెట్టుకుని ఆయన కళ్లతోనే పలకరించాడు. "జల్ది ఇంటికి రా అన్నా" అని మాత్రం అని వచ్చేశాను. ఆ మాట నన్నిప్పుడు తినేస్తోంది.

ఐదో రోజు చుట్టాలు వెళ్లాక ఆయన భార్య ఒక్కతే ఉంది. మేమిద్దరం ఒకర్నొకరం వదినా అనే పిలుచుకుంటాం. ఆమె చెయ్యి నా చేతిలోకి తీసుకుని మొత్తం చెప్పేశాను. కిటికీ, దరఖాస్తు, నల్లా. అన్నీ విని వదిన అడిగింది.

"మేం దిగిన ఏడాదేనా వదినా?"

"అవును."

"గప్పుడే ఆయన రామకృష్ణాపూర్ గనికి మార్పిచ్చుకుంట, పోదాం పా అన్నడు. ఎందుకంటె చెప్పలె. నేనే మొండికేసిన. పక్కింటి వదిన నవ్వుకుంట మాట్లాడుతది, గామెను ఇడిసి నేను రాను అన్న."

ఆయనకు నల్లా తిప్పిన రోజే తెలుసు. ఆమెకు తెలియకుండా పద్నాలుగేళ్లు దాచాడు. నా బరువు దించుకుందామని నేను దాన్ని తెచ్చి, ఆయన పోయిన ఐదో రోజున, ఆమె ఒడిలో వేశాను.

వదిన చెయ్యి లాక్కోలేదు. పట్టుకోనూ లేదు. వేళ్లు ముడవకుండా అలాగే నా అరచేతిలో వదిలేసి, గోడవైపు చూస్తూ కూర్చుంది.